పెద్దరోగం జీపు సెల్ఫ్

ఈ మధ్య కొందరికి పాత కార్లు బాగుచేయించుకునే సరదా పట్టుకుంది. తాతగారి కాలంనాటి కారు కొబ్బరితోటలో పాక కింద పడి ఉంటే, ఇన్నాళ్ళూ దాన్ని కోళ్ళు పడుకోవడానికి వదిలేసినవాళ్ళే ఇప్పుడు కడిగి, రంగులేయించి, పెళ్ళిళ్ళలో తిప్పుతున్నారు. తిప్పుకోనీ, నాకేం. కానీ దాని సెల్ఫ్ మోటారు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. గోనెసంచిలో చుట్టి తెచ్చి అరుగు మీద పెట్టి, "ఇది అసలు ఈ కారుదేనాండీ, మధ్యలో ఎవరైనా మార్చేసేరా? చూసి చెప్పండి మామ్మగారూ" అంటారు. చేత్తో తడిమి చెప్పగలిగేవాళ్ళు కోనసీమలో ఇంకెవరూ లేరట. ఉన్న ఒక్కాయన్ని కూర్చోనివ్వలేదు కదా, మరి ఎక్కణ్ణుంచి వస్తారు?

అయినా చెబుతాను. సెల్ఫ్ అంటే ఇంజన్ని మొదటిసారి తిప్పి లేపే మోటారు. దాని రకం తెలియాలంటే ముందు వీపు తడమాలి. వీపు నున్నగా ఉంటే అది విసురు రకం. మోటారు గిర్రున తిరగ్గానే ముందున్న చిన్న పళ్ళచక్రం, మరలు కోసిన ఇరుసు మీద జారి, ఎగిరి వెళ్ళి ఇంజను పెద్దచక్రం పళ్ళలో పడుతుంది. అందుకే టంగుమని మోగుతుంది. పాత అంబాసిడర్లు, ల్యాండ్‌మాస్టర్లు, హెరాల్డులు, జీపులు అన్నిటికీ ఇవే. వీపు మీద ఇంకో చిన్న డబ్బా ఎక్కి కూర్చుంటే అది నెట్టుడు రకం. చంటిదాన్నెత్తుకున్న సెల్ఫ్ అనేదాన్ని నేను. ఆ డబ్బా ముందు చక్రాన్ని మెల్లిగా పళ్ళలోకి నెట్టి, ఆ తర్వాతే మోటారుని తిరగనిస్తుంది. తర్వాత వచ్చిన డీజిలు బళ్ళకి అవి పెట్టారు. డబ్బా లేకుండా మీట ఒక్కటే ఉంటే, డ్రైవరు పిడి పట్టుకుని తీగ లాగి స్టార్టు చేసే పాత చిన్న కార్లది.

ఇంతవరకూ ఎవరైనా చెప్పగలరు. అసలు తంటా విసురు రకంలోనే ఉంది. కొన్ని కుడివైపు తిరుగుతాయి, కొన్ని ఎడమవైపు. పైకి అచ్చం అన్నదమ్ముల్లా ఉంటాయి. ఎడమ మోటారు తెచ్చి కుడి బండికి కడితే అది గుయ్యిమని తిరుగుతుంది గానీ చక్రం పళ్ళలోకి వెళ్ళదు, ఇంజను కదలదు. ఇరుసు మీది మరల వెంట వేలి మెత్తని నడిపిస్తే ఏ వైపుకి జారుతోందో చర్మానికి తెలుస్తుంది. ఈ చదువు నాకు మా ఆయన నేర్పారు. ఆయన వేలికి తెలియడం మానేశాక నేర్పారు.

మా షాపు అమలాపురంలో టాక్సీ స్టాండుకి ఎదురుగా ఉండేది. ముందు షాపు, వెనక మేముండే గది, ఆ వెనక పెరడు. నాది రాజోలు వైపు ఊరు. పెళ్ళయి వచ్చేటప్పటికి నాకు కారంటే ఎక్కడం దిగడం తప్ప ఏమీ తెలియదు. ఏడాది తిరక్కుండా మోటారు లోపలి రాగి చుట్లకి కాటన్ టేపు చుట్టడం నా పనైపోయింది. చుట్టి, వార్నిషులో ముంచి, పొయ్యి మీద పెనం బోర్లించి దాని మీద ఆరబెట్టేదాన్ని. ఇల్లంతా వార్నిషు కంపు, పులుసులో కూడా అదే. "ఈ కంపులో నేనే కాబట్టి ఉన్నానండీ" అంటే, "అందుకే కదే నిన్ను చేసుకున్నాను" అనేవారు. మాకు పిల్లలు లేరు. ఇద్దరమే కాబట్టి పోట్లాడుకోవడానికి బోలెడంత తీరిక.

మా వైపు కారు సెల్ఫ్ సంగతి తేలేది రేవులో. అప్పటికి బోడసకుర్రు దగ్గర వంతెన లేదు. రాజోలు వైపు పోయే కార్లన్నీ బళ్ళని మోసే పంటు పడవ ఎక్కి గోదావరి పాయ దాటాలి. పంటు మీద ఇంజను ఆపేయాల్సిందే, పంటువాళ్ళు ఊరుకోరు. అవతలి ఒడ్డుకి తగిలాక మళ్ళీ స్టార్టు చేసి, ఇసకలో ఏటవాలు ఎక్కించాలి. అక్కడ సెల్ఫ్ అందుకోకపోతే డ్రైవరు దిగి, ముందు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పాలి. లేకపోతే అందరూ కలిసి తోయాలి. వెనక బళ్ళవాళ్ళు సణుగుతారు, బస్సు తప్పిపోయిన జనం తిడతారు. అందుకే ఏ మేస్త్రి పనితనం ఏపాటిదో రేవు చెప్పేసేది. మా ఆయన కట్టిన సెల్ఫ్ రేవులో ఆగిందని నేను ఎప్పుడూ వినలేదు. ఆ పేరు ఆయనకి అన్నం కన్నా ఎక్కువ.

ఆయన గొప్ప ఒకటుండేది. బల్ల కింద పెద్ద చెక్కపెట్టెలో పాత సెల్ఫ్‌లు కలగాపులగంగా పడి ఉండేవి. డ్రైవరు వచ్చి బండి పేరు చెప్పగానే, అతనితో కబుర్లాడుతూనే, చూపు అటు తిప్పకుండా పెట్టెలోకి చెయ్యి పోనిచ్చి సరైనది బయటికి తీసేవారు. డ్రైవర్లు అది చూడ్డానికే నిలబడేవారు. ఆయనకీ వాళ్ళు చూడాలనే ఉండేది. కాస్త దర్జా మనిషి, నేను ఎంత వెక్కిరించినా మానేవారు కాదు.

ఒకరోజు కాట్రేనికోన వైపు తిరిగే ల్యాండ్‌మాస్టర్ డ్రైవరు వచ్చాడు. ఉప్పుగాలికి సెల్ఫ్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది, పెళ్ళివారి బేరం ఉంది, తొందర. మా ఆయన అలవాటుగా పెట్టెలోంచి ఒకటి లాగి, "ఇదిగోండి, కుడిది" అని కట్టేశారు. స్టార్టు చేస్తే గుయ్యిమంది. ఇంజను కదల్లేదు. మా ఆయన నవ్వి, విప్పి, ఇంకొకటి తీసి కట్టారు. అదీ ఎడమదే.

"ఆయ్, పర్లేదండీ మేస్త్రిగారూ, ఒక్కోసారి అవుద్దండీ" అన్నాడు ఆ డ్రైవరు. మా వైపు మర్యాద అది. మూడోది మా ఆయన కళ్ళతో చూసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి తీశారు. నేను అది గమనించి, కళ్ళజోడు పెట్టించాలి కాబోలు అనుకున్నాను. ఎంత అమాయకురాలినో చూడండి.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, నేను గుమ్మంలో కూర్చుని టేపు చుడుతున్నాను. ఆయన సీసం అతుకుతూ స్టాండులోని డ్రైవరెవరితోనో మాట్లాడుతున్నారు. చర్మం కాలుతున్న కంపు వచ్చింది. పొయ్యి మీద ఏమన్నా పెట్టి మరిచిపోయానా అని లేవబోయి ఆయన వైపు చూశాను. సీసం కరిగించే రాడ్డుని చెక్కపిడి దగ్గర కాదు, ఇనుము దగ్గర పట్టుకున్నారు. వేళ్ళ సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు.

"ఏవండీ, చెయ్యి" అన్నాను.

చూసుకున్నారు. చూసుకున్నాక "అబ్బా" అన్నారు. ఆ అబ్బా నా కోసం అన్నదని నాకు తెలిసిపోయింది.

ఆయన మోచేతి పైన పాలిపోయిన మచ్చ ఒకటి ఉండేది. శోభి అనుకుని గంధకం కలిపిన కొబ్బరినూనె రాసేదాన్ని. ఎండాకాలం ఒళ్ళంతా చెమటలు కారిపోతున్నా ఆ మచ్చ మీద మాత్రం పొడిగా ఉండేది. కాలిన వేళ్ళకి మందు రాస్తూ ఆ మచ్చ వంక చూశాను. ఆయన నేను చూడటం చూశారు. అన్నం తిన్నాక నేనే ఉండబట్టలేక, "డాక్టరుకి చూపించుకుందామండీ" అన్నాను.

"ఏ డాక్టరుకే? ఆ జీపోళ్ళకా? ఆ జీపు మన గుమ్మం ముందు ఆగిన్నాడు మన బతుకు కూడా అక్కడే ఆగిపోద్ది" అన్నారు.

కుష్టు నివారణ వాళ్ళకి ఒక పాత పెట్రోలు జీపు ఉండేది. ఊళ్ళో అందరూ దాన్ని పెద్దరోగం జీపు అనేవారు. అది ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటికి మర్నాటి నుంచి పాలు రావు, ఆ ఇంట్లో ఖాయమైన పెళ్ళి కూడా ఆగిపోతుంది. అది తెలిసి ఆ యూనిట్ వాళ్ళే జీపుని ఊరి చివర ఆపి నడిచి వెళ్ళేవారు. వాళ్ళలో ఒకాయన స్కూళ్ళకి వెళ్ళి పిల్లల చొక్కాలు విప్పించి మచ్చలు చూసేవాడు. అందరూ ఆయన్ని మచ్చలాయన అనేవారు. నేనూ అలాగే అంటాను, ఆయన పేరు ఇక్కడ అనవసరం. ఆ జీపు వీధిలో వస్తుంటే మా ఆయన బల్ల కిందికి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించేవారు.

అటువంటి జీపు ఒక మధ్యాహ్నం సరిగ్గా స్టాండు ముందు ఆగి చచ్చింది. సెల్ఫ్ పోయింది. డ్రైవరూ మచ్చలాయనా దిగి తోసుకుంటూ తెచ్చి మా షాపు ముందు నిలబెట్టారు. మా ఆయన గదిలోకి వచ్చి, "లేనని చెప్పు" అన్నారు. నేను బయటికి తొంగి చూస్తే స్టాండంతా ఇటే చూస్తోంది. "అందరూ చూస్తుండగా లోపలికొచ్చి లేననమంటారేంటండీ? పదండి, వెళ్ళి చెయ్యండి" అన్నాను. వెళ్ళారు.

మచ్చలాయన పక్కన నిలబడి ఆ పనే చూస్తున్నాడు. మా ఆయన ఎంత మామూలుగా కనిపించాలో అంత మామూలుగా కనిపించారు. కాసేపటికి మచ్చలాయన మంచినీళ్ళ వంకతో పెరట్లోకి వచ్చాడు. గ్లాసు తీసుకుని, నా వంక చూడకుండా, మెల్లిగా అన్నాడు.

"అమ్మా, మీరు కంగారు పడకండి. ఆయన నట్టు పట్టుకునే ముందు వేళ్ళ వంక చూసుకుంటున్నారండి. చేతికి తెలిసేవాళ్ళు అలా చూసుకోరండి."

నేను ఏడ్చాను. ఏడుపొచ్చినందుకు ఆ మచ్చలాయన మీద కోపమొచ్చింది కూడా. జీపు పని అవగానే మా ఆయన్ని వంటగదిలోకి పిలిచాను. మచ్చలాయన ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, జేబులోంచి పెన్ను తీసి దాని కొసతో వేళ్ళ మీద, అరచేతి అంచున, ముంజేతి మీద తాకుతూ పోయాడు. తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. చాలాచోట్ల తాకాడు.

"ఎప్పుడు మొదలెడతారండీ?" అన్నారు మా ఆయన, కళ్ళు మూసుకునే.

మచ్చలాయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కళ్ళు తెరవమన్నాడు. మందుంది, మాత్రలు, ఏళ్ళ తరబడి వాడాలి అన్నాడు. "మానకుండా వాడితే చెయ్యి ఇంతకన్నా పాడవదండి. పని చేసుకోవచ్చు. మధ్యలో మానేస్తే మాత్రం వేళ్ళు వంకర తిరుగుతాయండి, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు" అన్నాడు. మాత్రలు తీసుకోవడానికి నెలనెలా రావాలి. మా ఆయన రానన్నారు. ఇంటికి తెచ్చిస్తానంటే, వద్దన్నారు. ఆ మనిషి మా ఇంటికి నెలనెలా వస్తే ఎందుకొస్తున్నాడో ఊరు అడగదా?

అప్పుడు ఉపాయం నేనే చెప్పాను. ఇవాళ జీపు మన గుమ్మంలో పూటంతా నిలబడింది, ఎవరైనా ఏమన్నా అనుకున్నారా? సెల్ఫ్ పోయింది కాబట్టి వచ్చింది అనుకున్నారు. అయితే ఆ సెల్ఫ్‌ని నెలనెలా పోనివ్వండి అన్నాను.

మచ్చలాయన నా వంక చూసి మొదటిసారి నవ్వాడు. మా ఆయన నవ్వలేదు.

ఉత్తుత్తి రిపేరు కుదరదు. స్టాండులో వాళ్ళు ఊరుకునే రకం కాదు, ఎవరో ఒకరు ఎక్కి సెల్ఫ్ మీట తొక్కి చూస్తారు. కాబట్టి నిజంగానే పాడవ్వాలి. మోటారులో కరెంటు అందించే బొగ్గు బ్రష్షులుంటాయి. అవి అరిగిపోతే మోటారు మొరాయిస్తుంది. కొత్తవి వేయకుండా అరిగినవే వేసి, స్ప్రింగులు వదులుగా పెట్టమన్నాను. మూడు నాలుగు వారాలు నడిచి మొరాయిస్తుంది. ఆయన నన్ను తినేసేట్టు చూశారు. "నా చేత్తో నేను అరిగిన బ్రష్షు వెయ్యాలా?" అన్నారు. "ఆ చెయ్యి ఉండాలంటే వెయ్యండి" అన్నాను. నా నోరు అప్పుడూ ఇలాగే ఉండేది.

అలా మొదలైంది. నెలనెలా జీపు రావడం, డ్రైవరు "మళ్ళీ సెల్ఫండీ మేస్త్రిగారూ" అని కేకేయడం, మచ్చలాయన మంచినీళ్ళ వంకతో పెరట్లోకి వచ్చి కాగితం పొట్లం నా చేతిలో పెట్టడం. మాత్రలు తెల్లగా, చిన్నగా ఉండేవి. వార్నిషు డబ్బాల వెనక దాచేదాన్ని. ఆ జీపు ఎన్నిసార్లు ఇసకదారుల్లో ఆగిపోయిందో, ఆ ఇద్దరూ ఎండలో ఎంత దూరం తోసుకున్నారో మాకు చెప్పలేదు. ఒకసారి మచ్చలాయన అరచేతులు బొబ్బలెక్కి ఉండటం చూశాను. ఏమిటని అడిగితే, "తోట పని చేసేనండి" అన్నాడు.

మచ్చ అంచులు చెరగడం మొదలైంది. ఉన్న స్పర్శ ఉన్నట్టే ఉంది. పెట్టెలోంచి చూడకుండా తీసే గొప్ప మానేశారు. నేను దగ్గర కూర్చుని, ఆయన ఏదైనా పట్టుకోబోతే వేడిగా ఉందో లేదో ముందు నేను తాకి చూసేదాన్ని. దొరికిన కాస్త తీరికలో నాకు మరలు తడమడం నేర్పించారు. "గోరు తీసెయ్, మెత్తతో చూడు. ఎటు పోతంది?" అనేవారు. తప్పు చెబితే తిట్టేవారు. ఆ రోజుల్లో నేను సుఖంగానే ఉన్నాను, అబద్ధమెందుకు.

సుఖంగా లేనిది ఆయన. జీపు వచ్చినప్పుడల్లా స్టాండులోంచి వేళాకోళం మొదలయ్యేది. "ఆ జీపు మేస్త్రిగారికి ఆడపడుచండీ, నెలనెలా పుట్టింటికొత్తాది" అనేవాడొకడు. "సారె పెట్టి పంపండి మేస్త్రిగారూ" అనేవాడు ఇంకొకడు. మంచివాళ్ళే, మనసులో ఏమీ లేదు. ఆయన నవ్వేవారు. లోపలికొచ్చి కంచం తోసేసేవారు. ఈలోగా రాజమండ్రిలో పని నేర్చుకొచ్చిన కుర్ర మేస్త్రి ఒకడు మా వరసలోనే షాపు తెరిచాడు. బ్యాటరీలు చూసే మీటరు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. ముందు అటు వెళ్ళింది ఒక బండి, తర్వాత ఇంకొకటి.

ఒకరోజు జీపు వచ్చి నిలబడింది. ఆ కుర్ర మేస్త్రి తన గుమ్మంలోంచే, ఎంతో మర్యాదగా, "బాబాయిగారూ, మీకు వీలవకపోతే మనకాడికి పంపండి, పూటలో చేసిచ్చేత్తాను" అన్నాడు. స్టాండు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అందరూ మా ఆయన నొచ్చుకుంటారని మొహాలు తిప్పుకున్నారు. ఆయన ఓర్చుకోలేకపోయింది దాన్నే.

జీపు సెల్ఫ్ విప్పి బల్ల మీద పెట్టారు. షాపులో దాచుకున్న మంచి సామానంతా తీశారు. కొత్త బ్రష్షులు, కొత్త స్ప్రింగులు, కొత్త బుష్షులు, నేను అంతకు ముందే టేపు చుట్టి ఆరబెట్టిన కొత్త చుట్లు. నేను గుమ్మంలోంచి వద్దని కళ్ళతో చెప్పాను. దగ్గరికెళ్ళి మెల్లిగా, "ఏం చేస్తున్నారో తెలుస్తోందా?" అన్నాను. నా వంక చూడలేదు. చేతికి తెలియని చోట కళ్ళతో చూసుకుంటూ, ప్రతి మరా సరిచూసుకుంటూ పని చేశారు. అంత శ్రద్ధగా చేయడం నేను అంతకు ముందు చూడలేదు. తీసుకెళ్ళి జీపుకి బిగించి, స్టాండంతా చూస్తుండగా తనే ఎక్కి కాలితో మీట తొక్కారు. టంగుమంది, ఇంజను లేచింది. ఆపి మళ్ళీ తొక్కారు. మళ్ళీ లేచింది.

"ఇది ఇంక మన గుమ్మం ముందు ఆగదండీ" అన్నారు, అందరికీ వినపడేట్టు.

మచ్చలాయన పెరట్లోకి మంచినీళ్ళకి వచ్చాడు. ఆ నెల పొట్లం ఇచ్చి, "ఇంక ఏం వంక చెప్పి రానమ్మా?" అన్నాడు. ఆ సాయంత్రం నేను మా ఆయన్ని నోటికొచ్చినట్టల్లా అన్నాను. అంతా విని, "ఇన్నాళ్ళూ రోగం ఎవరికీ తెలియకూడదని పని రాదనిపించుకున్నానే. ఇంకొన్నాళ్ళు పోతే నాకే అది నిజమనిపించేట్టుంది" అన్నారు. అప్పుడు నాకు ఆయన మీద జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

తర్వాతి నెల జీపు మా ముందు నుంచి వెళ్ళిపోయింది. మచ్చలాయన ముందు సీట్లోంచి నా వంక చూసి తల దించుకున్నాడు.

పొట్లం అయిపోయాక నేనే బయల్దేరాను. కాట్రేనికోన దారిలో ఒక ఊళ్ళో, రోడ్డు పక్క పాకలో కుష్టు నివారణ వాళ్ళు వారానికోసారి మాత్రలిస్తారు. పుట్టింటికని చెప్పి బస్సెక్కాను. ముసుగేసుకుని వరసలో నిలబడ్డాను. మొదటిసారి గడిచింది. రెండోసారి, నా వంతు దగ్గర పడేసరికి ఒక అంబాసిడర్ వచ్చి రోడ్డు మీద ఆగింది. నీళ్ళ డబ్బాతో దిగాడు డ్రైవరు, ఆడపడుచు సారె అని వేళాకోళమాడిన మనిషే. నన్ను చూశాడు. చూసి, చూడనట్టు ఎంతో మర్యాదగా మొహం తిప్పుకుని, ఇంజనుకి నీళ్ళు పోసుకోకుండానే బండెక్కి వెళ్ళిపోయాడు.

ఆయన సెల్ఫ్ కట్టడం వల్ల నేను అక్కడ నిలబడ్డాను. నేను నిలబడటం వల్ల ఊరికి తెలిసింది. ఎవరి తప్పని పంచుకుంటాం? ఇంట్లో దాని గురించి పోట్లాడుకోను కూడా లేదు.

ఒక్కరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ మండుతుంది. "ఆయ్, రేపు తీసుకొత్తామండీ" అనేవారు, ఆ రేపు రాలేదు. టీ కొట్టువాడు ఆయన గ్లాసు విడిగా, కిటికీ మీద బోర్లించి పెట్టేవాడు. షాపు యజమాని స్వయంగా వచ్చి, ఏమీ అనుకోవద్దని, కొబ్బరికాయలు పోసుకోవడానికి చోటు కావాల్సి వచ్చిందని చెప్పాడు. మేం వెళ్ళే చర్చిలో అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షారసం పుచ్చుకుంటారు. పాస్టరు అయ్యగారు మమ్మల్ని పక్కకి పిలిచి, "మీరు ఆఖర్న రండి" అన్నారు. ఆయన ఆఖర్న కూడా వెళ్ళలేదు. మాత్రలు ఇంక వద్దన్నారు. నేను ఎంత బతిమాలినా నోరు విప్పలేదు. మందు లేని ఆ నెలల్లోనే మోచెయ్యి వాచి, జ్వరమొచ్చి, చిటికెనవేలు, దాని పక్కది, ఒక్కొక్కటీ లోపలికి ముడుచుకున్నాయి, రెండో చెయ్యీ మొద్దుబారింది.

మా తమ్ముడు రాజోలు వైపు తన తోట చివర, కాలవ గట్టు మీద పాక వేసిచ్చాడు. చెక్కపెట్టె కూడా తీసుకెళ్ళాం. మచ్చలాయన ఎలాగో తెలుసుకుని వచ్చాడు. దాపరికం ఏమీ మిగలకపోయినా సైకిలు మీదే వచ్చేవాడు. అప్పుడు మా ఆయన మళ్ళీ మాత్రలు మింగారు. మచ్చ పోయింది, వేళ్ళు రాలేదు. పాత బళ్ళవాళ్ళు ఒకరిద్దరు సెల్ఫ్‌లు తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్ళేవారు. నేను తడిమి చెప్పేదాన్ని, ఆయన ఏం చెయ్యాలో చెప్పేవారు, నేను చేసేదాన్ని. "ఎటు పోతందే?" అని అడిగేవారు. "కుడికండీ" అంటే, నమ్మలేక ముడుచుకున్న వేలు ఒకసారి మర మీద పెట్టి చూసుకునేవారు. ఏమీ తెలిసేది కాదు. అయినా పెట్టేవారు.

ఒక వానాకాలం నేను కాలవకి నీళ్ళకి వెళ్ళాను. పొయ్యి మీద వార్నిషు డబ్బా వేడెక్కుతోంది. గాలికి మంట ఎగసి పాకకి అంటుకుంటుందేమోనని ఆయన ఆ డబ్బాని రెండు చేతులా ఎత్తి బయట పెట్టారు. నేను వచ్చేసరికి అరుగు మీద కూర్చుని, "పాక దక్కిందే" అన్నారు సంతోషంగా. చేతులు చూసుకోలేదు ఇంకా. నేను చూశాను.

ఆ పుళ్ళు మానలేదు. చీము పట్టి, జ్వరం పట్టుకుని, అమలాపురం ఆసుపత్రిలో పోయారు. తర్వాత కొన్నాళ్ళకి కొత్త మందులొచ్చాయట, త్వరగా నయమైపోతుందట. విన్నాను, చాలా సంతోషం.

శవాన్ని ఊరికి తీసుకెళ్ళాలి. మా తమ్ముడు టాక్సీ స్టాండుకి వెళ్ళాడు. ఒకరికి బేరం ఉంది, ఒకరికి టైరు బాగోలేదు, ఒకరు పాపం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు కూడా. మంచం మీంచి దింపడానికైనా ఒక చెయ్యి వెయ్యమంటే, ఆయ్ అంటూనే ఎవరి మానాన వాళ్ళు తప్పుకున్నారు. తమ్ముడు ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. నేను ఆసుపత్రి గేటు దగ్గర కూర్చుని ఉండగా ఆ జీపు వచ్చి నా ముందు ఆగింది. ఎవరు చెప్పారో తెలియదు. మచ్చలాయన, డ్రైవరు, తమ్ముడు, నేను, నలుగురం మోసి వెనక పడుకోబెట్టాం.

బోడసకుర్రు రేవులో పంటు ఎక్కాం. మా వెనక రెండు అంబాసిడర్లు ఎక్కాయి, స్టాండువే. బేరం ఉందన్న మనిషికి బేరం నిజంగానే ఉంది. జీపు ఇంజను ఆపారు. డ్రైవర్లు దిగి, కాస్త ఎడంగా, పంటు అంచున నిలబడ్డారు. నేను ఆయన చేతుల మీద కప్పిన గుడ్డ గాలికి లేవకుండా పట్టుకున్నాను.

పంటు ఒడ్డుకి తగిలింది. ముందు మేమే ఎక్కాలి. జీపు డ్రైవరు నా వంక ఒకసారి చూసి, కాలు మీట మీద పెట్టి తొక్కాడు. టంగుమంది. ఒక్క తొక్కుకి అందుకుంది. ఇసకలో ఏటవాలు ఎక్కుతుంటే వెనక నిలబడ్డ డ్రైవరు పక్కవాడితో అనడం నాకు వినపడింది.

"మేస్త్రిగారు కట్టిన సెల్ఫండీ అది. ఇన్నేళ్ళైనా సరే, చూసేరా."